పరీక్షకు ముందు పది రోజులు

తెలంగాణ రావడానికి ఏడాది ముందు ఒక ఆదివారం పొద్దున, నాచారంలో అక్క వాళ్లింట్లో చాయ్ తాగుతుంటే బావ కుడిచేతిలోంచి గ్లాసు జారింది. వంగి తీయబోయాడు, చెయ్యి లేవలేదు. నావైపు చూసి ఏదో అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. ఆటోలో దవాఖానాకు చేరేసరికి మూతి ఒకవైపు వంకర పోయింది.

"బీపీ ఎన్నేళ్ల నుంచి ఉంది?" అని డాక్టరు అడిగాడు.

"ఈయనకు బీపీ లేదు సార్. కంపెనీల ఏటేటా సూస్తరు" అంది అక్క.

నేను గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

బావ మల్లాపూర్‌లో ఒక ఇనుప సామాను ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. హెల్పరుగా చేరి, పద్నాలుగేళ్లకు ఆ క్రేన్ ఎక్కాడు. ఏడాదికోసారి కంపెనీ డాక్టరు వచ్చి అందరినీ పరీక్షించేవాడు. బీపీ ఉందని తేలితే క్రేన్ దింపి ప్యాకింగ్‌లో వేసేవారు. ఆ ఆదివారానికి మూడేళ్ల ముందు, పరీక్ష దగ్గర పడుతుండగా బావ ఉప్పల్లో మా ఇంటికొచ్చాడు. బయట చూపించుకుంటే బీపీ ఎక్కువుందన్నారట.

"ఏం బామ్మర్ది, ఊరందరికి పేపర్ల బుద్ధులు జెప్తవు. నాకొక ఉపాయం జెప్పు జర."

"రోజూ మందు మింగు బావా."

"టిఫిన్ డబ్బాల గోలీలు సూస్తే పోరగాళ్లు ఊకుంటరా? ముసలోడయిండు, దింపున్రి అంటరు."

నాకప్పటికే బీపీ ఉంది. నా గోలీల అట్ట ఒకటి తీసిచ్చి, పరీక్షకు పది రోజుల ముందు నుంచి వేసుకోమన్నాను. పాసయ్యాడు. ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చాడు, ఇద్దరం ఉప్పు అద్దుకుని తిన్నాం. మరుసటేడు ఆయన అడగకముందే ఇచ్చాను. ఆ మరుసటేడూ అంతే. మిగతా రోజుల్లో మింగుతున్నావా అని ఒకే ఒక్కసారి అడిగాను.

"పాసైనంక మళ్ల సదువుతరా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. 'బీపీ మందు మధ్యలో మానొద్దు' అని మా పేపరు ఆరోగ్యం పేజీకి శీర్షిక పెట్టింది నేనే.

ఇప్పుడు బావ ఎడమచేత్తో తింటాడు. మాట సగం తిరిగొచ్చింది. ఆ పది రోజుల సంగతి ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఒకరోజు అక్క మూడేళ్ల పరీక్ష చీటీలు నా చేతిలో పెట్టింది.

"సూడు తమ్మీ, అన్నిట్ల మంచిగనే ఉన్నదని రాసిండు. గా డాక్టరు మీద దరఖాస్తు రాయి. నువ్వు రాస్తే అడుగుతరు."

చీటీలు నా దగ్గరే ఉన్నాయి. దరఖాస్తు రాయలేదు. ఎందుకు రాయలేదో అక్కకు ఇంకా చెప్పలేదు.