ముప్పై రెండు పద్యాల రాణి

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. తుగ్గలి పక్క పల్లెలో వేదిక పలక విరిగినప్పుడు ఒక ముందు పన్ను పోయింది. అదే రాత్రి ఒక జత జుంకాలు పోయాయి. సినిమాలో పంతొమ్మిది మాటలు పోయాయి. రెండు పెళ్ళి సంబంధాలు పోయాయి. వాటిని మొదట నష్టంలోనే రాసి, ఏడాది తరువాత కొట్టేశాను. వీటన్నిటికంటే పెద్ద పద్దు ఒకటుంది. మూడు వేల ఎనిమిది వందల అరవై ఏడు పద్యాలు.

నేను పౌరాణిక నాటకాల్లో రాణి వేషం కడతాను. పుట్టింది ఆదోనిలో, ఉంటున్నది ఎమ్మిగనూరులో. మా వైపు పల్లెల్లో నాటకం ఆడేది ఊరివాళ్ళే. మగ వేషాలన్నీ వాళ్ళవి. తలా కొంత డబ్బు వేసుకుని, హార్మోనియం మాస్టరును పిలిపించుకుని, మూడు నెలలు పద్యాలు నేర్చుకుంటారు. ఆడ వేషాలకు మాత్రం మాలాంటివాళ్ళను పట్నం నుంచి బయానా ఇచ్చి తెచ్చుకుంటారు. రాజు వేషం అందరికీ కావాలి కాబట్టి ఒకే నాటకంలో ముగ్గురు రాజులు, నలుగురు రాజులు ఉంటారు. ఒకరు ఒక రంగంలో, ఇంకొకరు ఇంకో రంగంలో. రాణి మాత్రం మొదటి నుంచి చివరి దాకా నేనొక్కదాన్నే.

మా మాస్టరు రాతప్రతిలో రాణికి ముప్పై రెండు పద్యాలు. పంతొమ్మిదేళ్ళ వయసులో ఆ ముప్పై రెండూ నేర్చుకుని మొదటి ఆటకు పోయాను. రిహార్సల్లో మాస్టరు ఎర్ర పెన్సిలు తీసి నా పద్యాల మీద గీతలు కొట్టడం మొదలుపెట్టాడు.

"అప్పా, నా పద్యాలు ఏంటికి కొడ్తాండావు?"

"పొద్దు సాలదు మ్మా. ఐదుమంది రాజులుండారు."

"రాజులవి కొట్టు."

"వాళ్ళు దుడ్డు పెట్టినోళ్ళు. నువ్వు దుడ్డు తీసుకుండేదానివి. పెట్టినోళ్ళవి కొడితే మనకు అన్నం పెడతారా?"

"తొమ్మిది కొట్టినావు."

ఆయన పెన్సిలు ఆపి నా వైపు చూశాడు. తానే లెక్కపెట్టుకోలేదు. నవ్వి, "అట్లనే రాసి పెట్టుకో. తరువాత పాడుకుందువులే," అన్నాడు.

ఆయన వేళాకోళానికి అన్నాడు. నేను నిజంగానే రాసి పెట్టుకున్నాను. ఎమ్మిగనూరు బజారులో ఒక నోటుబుక్కు కొని తొమ్మిది గీతలు గీశాను. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. ఆదోని జిన్నింగు మిల్లులో అమ్మ దూది గంపలు మోస్తుంటే, ఆమె తరఫున గంపలు లెక్కపెట్టడం నా పని. గుమాస్తా రెండు మూడు తగ్గించి రాసేవాడు. నేను ఐదేసి గింజలు కుప్ప పెట్టి ఆయన ముందు పరిచేదాన్ని. కూడిక అక్కడ వచ్చింది. ఎక్కాలు తాళం వేస్తూ వచ్చాయి. నాకు లెక్క నేర్పిన మనిషంటూ ఎవరూ లేరు కాబట్టి, నా లెక్క తప్పని చెప్పినవాళ్ళను నేను సులభంగా నమ్మను.

ఆ నోటుబుక్కు ఇప్పుడు నాలుగోది. ఈ రోజు వరకు రాణిగా నాలుగు వందల పదమూడు ఆటలు ఆడాను. ఒక్క ఆటలో ఎక్కువగా పోయినవి ఇరవై ఒక్క పద్యాలు. ఆ ఊళ్ళో ఏడుగురు రాజులు. జనం 'వన్స్ మోర్' అంటే మళ్ళీ పాడిన పద్యాన్ని జమలో వేయను. అది వాళ్ళు అడిగి తీసుకున్నది. నాకు రావలసినది వేరు.

సినిమావాళ్ళు ఆదోనికి వచ్చినప్పుడు నాకు నలభై దాటింది. మిల్లులో పనిచేసే తల్లి పాత్రకు ఇక్కడి మనిషి కావాలని వెతుకుతూ నన్ను పట్టుకున్నారు. కాగితం మీద పంతొమ్మిది మాటలు రాసి ఇచ్చారు. ఒక్క గీత కూడా కొట్టి లేదు. నేను అది మొదట చూశాను.

"మీ యాస చాలా బాగుందమ్మా. అస్సలు మార్చకండి," అన్నాడు సహాయ దర్శకుడు. అతనిది కోస్తా వైపు.

కొండల కింద ఎండలో మూడు రోజులు తీశారు. పంతొమ్మిదీ చెప్పాను. తెలుగులో ఇంత పొదుపుగా మాట్లాడే తల్లి ఉంటుందా అని అనిపించినా, ఒక్కటీ పోకుండా చెప్పాననే సంతోషం ఎక్కువగా ఉండింది.

సినిమా విడుదలైన మొదటి వారం ఆదోనిలో మ్యాట్నీకి పోయాను. తెర మీద నా ముఖం వచ్చింది. నోరు తెరిచాను. లోపలి నుంచి ఇంకొకామె మాట్లాడింది. మా మాటలను విని నేర్చుకున్న గొంతు. మేము సాగదీయని చోట సాగదీసింది. నేను పంటి సందులోంచి చెప్పిన మాటను ఆమె ఏడుస్తూ చెప్పింది. నా నోరు, ఆమె మాట. ఇంతకాలం నా పద్యాలు కోశారు గాని, మిగిలినవి నా గొంతుతోనే పాడనిచ్చారు. ఇది వేరే రకం కోత.

రెండో మాట దగ్గర నేను ఆగలేకపోయాను. కూర్చున్న చోటే, తెర మీద పెదవి కదిలే సమయానికి, నా మాట నేను చెప్పాను. గట్టిగానే చెప్పాను, మైకు లేని రోజుల్లో గొంతు పెంచుకున్నదాన్ని. ముందు వరుసలో నవ్వారు. నాలుగో మాటకు నవ్వు ఆగింది. టార్చిలైటు పట్టుకుని హాలు మేనేజరు వచ్చాడు.

"ఏమ్మా, అరస్తాండావంట?"

"అరస్తా లేనప్పా. మాట్లాడతాండాను. ఆడ కనిపిచ్చే మనిషి నేనే."

ఆయన లైటు నా ముఖం మీద వేశాడు. తెర వైపు చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు. లైటు ఆర్పేశాడు.

"ఐతే ఇంగొంచెం గట్టిగా సెప్పమ్మా. ఎనకల బెంచీ వాళ్ళకు ఇనపడల్లంటాండారు."

సినిమాలో మిగిల్చింది పదిహేడే. మొదటిదాన్ని, కోసేసిన రెండింటిని విరామంలో లేచి నిలబడి చెప్పాను. సమోసాలు తింటున్నవాళ్ళు ఆగి విన్నారు. బయటికి వచ్చి నోటుబుక్కులో పంతొమ్మిదికి ఎదురుగా 'ముట్టినవి' అని రాసుకున్నాను.

ఆ మధ్యాహ్నం సంగతి పల్లెల దాకా పాకింది. 'నోరున్న మనిషి' అన్నారు. ఆ ఏడాది ఆటలు పదకొండుకు పడిపోయాయి. ఆ చలికాలంలోనే మా మాస్టరు మంచం పట్టాడు. చూడడానికి పోతే దిండు కింది నుంచి రాతప్రతి తీసి ఇచ్చాడు. ఎర్ర గీతలన్నీ ఆయనే రబ్బరుతో చెరిపాడు. కాగితం కొన్ని చోట్ల చిరిగింది. "అన్నీ ఉండాయో లేదో లెక్క పెట్టుకో," అన్నాడు. ఆయన ముందే లెక్కపెట్టాను. ముప్పై రెండు ఉన్నాయి. ఇప్పుడు కూర్చుని పాడమని ఆయన అడగలేదు, నేను పాడలేదు. పాడవలసింది వేదిక మీద. ఆయన పోయాక ఒకటి నిర్ణయించుకున్నాను: ఒక్క ఆటైనా ముప్పై రెండూ పాడి తీరాలి. అంతవరకు గీతలు కొట్టిన ఆటకు బయానా పట్టను.

ఈ మాట చెప్పి తొమ్మిది ఊళ్ళవాళ్ళను వెనక్కి పంపాను. మళ్ళీ మిల్లుకు పోయాను, దూదిలో చెత్త ముక్కలు ఏరడానికి. పక్కన కూర్చున్నవాళ్ళు "రాణమ్మా, గంప జరుపు," అనేవాళ్ళు. జరిపేదాన్ని.

పదో ఊరు కోసిగి వైపుది. ముగ్గురు వచ్చారు. వాళ్ళలో మాట్లాడినతను బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కు; మూడో రాజు వేషం అతనిదే.

"రూపాయలు ఎంతైనా ఇస్తామక్కా. పద్యాలు కొంచెం సర్దుకోవల్ల. ముగ్గురు రాజులుండారు."

"ముప్పై మంది ఉండనీ. రాణి ఒకతే."

"పొద్దు సాలదక్కా. పొద్దున్నే ఆరుకు బస్సు వస్తాది. ఊరంతా సుగ్గికి పోతాండారు. గుంటూరు పక్క మిరపకాయలు కోసేదానికి. వాళ్ళు పొయ్యే లోపల ఆడల్లనే ఈ నాటకం పెట్టుకుండేది."

నేను కాగితం తీసుకున్నాను. ఆట మొదలు తొమ్మిదిన్నరకు, బస్సు ఆరుకు. మధ్య ఐదు వందల పది నిమిషాలు. నాటకంలో పద్యం ఎన్ని నిమిషాలు, మాటలు ఎన్ని నిమిషాలు, అంతా వేశాను. రాజులు పద్యం చివర రాగం నాలుగు నిమిషాలు లాగుతారు. ఒక్క నిమిషానికి తగ్గిస్తే ఎవరి పద్యమూ కోయనక్కరలేదు. ఐదూ నలభైకి తెర పడుతుంది.

మెకానిక్కు కాగితం తిప్పి తిప్పి చూశాడు. "ఇది కరెంటు బిల్లు మాదిరి ఉండాదే," అన్నాడు. కానీ ఒప్పుకున్నాడు. ఆ తేదీకి ఇంకే రాణీ ఖాళీగా లేదని నాకు తరువాత తెలిసింది.

ఆట రోజు సాయంత్రం నేను ముఖానికి రంగు వేసుకుంటుంటే ఒకామె గుడ్డల మూట చంకలో పెట్టుకుని వచ్చి నిలబడింది. నాకంటే పెద్దది.

"ఆదోని హాల్లో మాట్లాడినది నువ్వే కదా మ్మా? పత్తి పనికి వచ్చి, ఆ పొద్దు సినిమాకు వచ్చింటిమి. నువ్వు సెప్పినదే బాగుండె."

తెల్లవారితే బస్సెక్కాలని మూట ముందే కట్టుకుంది. ముందు వరుసలో ఆ మూట మీదే కూర్చుంది. అలాంటి మూటలు మొదటి మూడు వరుసల్లో నలభై దాకా ఉన్నాయి.

నా లెక్కలో ఒక తప్పు జరిగింది. దాన్ని దాచను. రాజులు మాట నిలబెట్టుకుని రాగాలు తగ్గించారు. కానీ ముగ్గురు రాజుల చుట్టాలూ పందెం వేసుకున్నారు, ఎవరి రాజుకు వన్స్ మోర్లు ఎక్కువ వస్తాయోనని. మొదటి రాజుకు ఆరు వస్తే రెండో రాజు బావమరుదులు ఏడు అరిచారు. పాడకపోతే చుట్టరికం చెడుతుంది. ఇన్నేళ్ళు వన్స్ మోర్లను జమలో వేయని నేను, ఖర్చులో వేయడం కూడా మరిచాను.

తెల్లవారింది. ఇరవై తొమ్మిదో పద్యం పూర్తయ్యేసరికి వేదిక మీది బల్బులు వెలవెలబోయాయి. ఊరి మొదట్లో బస్సు హారన్ వినపడింది. ముందు వరుసలు లేచాయి. ఎవరూ నన్ను కాదని లేవలేదు. మిరప చేలల్లో చేరేది ఒక రోజు ఆలస్యమైతే ఒక రోజు కూలి పోతుంది. చిన్న లెక్క. నాకంటే బాగా ఎవరికి తెలుసు.

మెకానిక్కు రాజు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "మూడే గదక్కా. తెర వేసేద్దామా? మా మీద కోపం పెట్టుకోవద్దు."

"మూడు నాకు మూడు కాదప్పా."

వేదిక దిగాను. కిరీటం, ముత్యాల దండలు, జరీ చీర అన్నీ ఒంటిమీదే ఉన్నాయి, కాళ్ళకు చెప్పులు మాత్రం లేవు. బస్సు ముందుకు పోయి రోడ్డు మధ్యలో నిలబడ్డాను. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఎవరమ్మా నువ్వు? పక్కకు జరుగు."

"మూడు పద్యాలు. ఏడు నిమిషాలు. వాళ్ళు ఎక్కేదానికే నీకు పది పడతాది."

"కూలోళ్ళ మేస్త్రీ నన్ను తిడతాడు."

"ఆయప్పకు ఫోను కలిపి నాకియ్యి."

అతను కలపలేదు. ఇంజను ఆపాడు. అప్పుడు వెనక్కి చూస్తే, మూడో రాజు కిరీటం తలమీద ఉండగానే హార్మోనియం పెట్టెను భుజాన పెట్టుకుని వస్తున్నాడు. అతని వెనక హార్మోనిస్టు. పెట్టెను బస్సు ముందు బంపరు మీద ఆనించి, రాజు రెండు చేతులా పట్టుకున్నాడు.

ముప్పయ్యో పద్యం పాడుతుంటే మూటలు బస్సు పైకి వేస్తున్నారు. ముప్పై ఒకటో పద్యానికి వేయడం ఆగింది. మైకు లేదు, తబలా వేదిక మీదే ఉంది. ముప్పై రెండోది రాణి ఎవరికీ లొంగనని చెప్పే పద్యం. ప్రతిసారీ మొదట కోతపడేది అదే. దాన్ని పొద్దుటి వెలుగు ముఖం మీద పడుతుండగా, రాగం ఒక్క నిమిషానికి మించకుండా, నడిరోడ్డు మీద పాడాను. గొంతు చివర్లో జీరపోయింది. అది కూడా నా గొంతే.

అందరూ ఎక్కారు. మూట మీద కూర్చున్న ఆ పెద్దామె కిటికీ పక్క నుంచి చెయ్యి ఊపింది.

"ఆ కడాది, లొంగననేది, ఇంగోసారి పాడు మ్మా."

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. నేను అతనికి చెప్పిన ఏడు నిమిషాలూ అయిపోయాయి. మాట దాటలేను.

"మీరు సుగ్గి నుంచి వచ్చినాక పాడతాను."

"మరిసిపోతావు."

"రాసి పెట్టుకుంటాను."

బస్సు ముందు నుంచి పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఎర్ర దుమ్ము జరీ చీర నిండా పడింది. దుస్తుల కంపెనీవాడు దానికి నన్ను వారం రోజులు తిట్టాడు. ఆ రోజు నోటుబుక్కులో ఆట సంఖ్య నాలుగు వందల పదమూడు, పాడినవి ముప్పై రెండు, పోయినవి సున్నా అని రాశాను. ఆ పుస్తకాల్లో సున్నా రాయడం అదే మొదలు. పెన్ను సరిగా తిరగలేదు.

ఆ ఊరివాళ్ళు ఇంకా గుంటూరు వైపే ఉన్నారు. వాళ్ళు దిగే రోజు మెకానిక్కు ఫోన్ చేస్తానన్నాడు. నేను పోయి ఆ ఒక్క పద్యం పాడి వస్తాను. అది నేను ఇవ్వవలసినది కాబట్టి వేరే పేజీలో రాశాను. ఒక ఆట నిండింది కదా, ఇక పాత లెక్క వదిలెయ్యమని తోటి కళాకారులు అంటున్నారు. ఆ ఆట ఆ ఆటకే సరిపోయింది. వెనకటివాటికి జమ పడలేదు. ఈ రోజు పొద్దున మళ్ళీ కూడి చూశాను. నాకు రావలసినవి మూడు వేల ఎనిమిది వందల అరవై ఏడు.