పడవలో నేను లేను

పోయిన నెల వికారాబాదులో మా ఇంటికి రంగులు వేయిస్తుంటే పడకగదిలోని బీరువా జరపవలసి వచ్చింది, జరపాలంటే ముందు ఖాళీ చెయ్యాలి కదా, ఆ పనికి సాయం వచ్చిన మా బిడ్డ పై అరలోంచి ఒక పాత ప్లాస్టిక్ సంచీ లాగింది. అందులో రెండు ఎర్రటోపీలు, పిడి విరిగిన కప్పు, చేపబొమ్మ వేలాడే తాళంచెవుల గొలుసు, అట్టఫ్రేములో ఒక పెద్ద ఫోటో ఉన్నాయి. మేము తాండూరులో ఉన్న రోజుల్లో హైదరాబాదు అవతలి ఆటల పార్కుకి పోయినప్పుడు తెచ్చుకున్న సామాను అది. వాటిని చూసి మా బిడ్డ ముఖం విప్పారింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఎందుకు మండిందో చెప్తాను. నా ఈడు ఆడవాళ్లకైతే సగం చెప్పగానే మిగతా సగం అర్థమైపోతుంది, మగవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి.

అప్పట్లో మా ఆయన తాండూరులో పప్పుమిల్లులో పని చేసేవారు. ఆయన అక్క, అంటే మా వదిన, పరిగిలో ఉండేది. ఆ ఎండాకాలం పిల్లలకి పార్కు చూపించాలన్న ఆలోచన ఆమెదే, ఏ రోజు పోవాలో, ఏ బస్సు ఎక్కాలో, దారిలో తినడానికి ఏమేం వండాలో కూడా ఆమే ఖాయం చేసింది, వండే పని మాత్రం నాకు వదిలింది. కోడి కూయకముందే లేచి పదిమందికి సరిపడా జొన్నరొట్టెలు చేసి, పల్లికారం నూరి, పులిహోర కలిపి మూడు సంచుల్లోకి ఎత్తాను. పరిగి బస్టాండులో వదిన తన సంసారంతో అదే బస్సు ఎక్కింది. చూద్దును కదా, ఇద్దరమూ ఒకే చీర కట్టుకుని ఉన్నాం. చుట్టాల పెళ్లిలో ఆడవాళ్లందరికీ ఒకే తాను నుంచి కొని పెట్టిన చీరలవి, ఆకుపచ్చ రంగు, పసుపు అంచు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, తన మీద ఉన్నంత బాగా నా మీద లేదన్నట్టు మూతి తిప్పింది.

టిక్కెట్లు తీసుకుని గేటు దగ్గరికి పోయాక అక్కడి మనిషి సంచులు విప్పించి చూసి, బయటి తిండి లోపలికి తీసుకుపోకూడదన్నాడు. మా ఆయన బతిమాలారు, వాడు వినలేదు. పిల్లలు లోపలికి పోదామని చీరకుచ్చిళ్లు పట్టి గుంజుతున్నారు. అప్పుడు వదిన తీర్పు చెప్పింది.

"గింత అన్నం పారేస్తమా? మరదలు గీడ కూసుంటది తియ్. పగటికి మేమే బయటికొచ్చి తింటం."

మా ఆయన నా వైపు ఒకసారి చూశారు, తరువాత టిక్కెట్లు పట్టుకుని గేటు వైపు నడిచారు. ఆరేళ్ల నా బిడ్డ చెయ్యి పట్టుకుని వదినే లోపలికి తీసుకుపోయింది.

బస్సులు ఆపేచోట ఒక రేకుల షెడ్డు ఉంటే అందులో కూర్చున్నాను. మధ్యాహ్నమైంది, ఎవరూ రాలేదు. ఇంటివాళ్లు తినకముందు కోడలు ముద్ద నోట్లో పెట్టుకోకూడదన్న కాలం మనది, మీకు తెలియనిది కాదు, పదిమంది తిండి ఒళ్లో పెట్టుకుని నేను నల్లా నీళ్లు తాగాను. గోడ అవతల నుంచి కేకలు వినిపిస్తుంటే అందులో నా బిడ్డ గొంతు ఏదోనని చెవులు రిక్కించి వింటూ ఉండిపోయాను. మూడు దాటాక పులిహోర వాసన మారుతుంటే, పక్కన చెట్టునీడలో పడుకున్న ఇద్దరు బస్సు డ్రైవర్లని లేపి పెట్టాను. రొట్టెలు మెత్తగా ఉన్నాయన్నారు. ఆ రోజు మొత్తం మీద నాతో మంచిగా మాట్లాడింది వాళ్లిద్దరే.

సాయంత్రం బయటికొచ్చి, ఒకసారి గేటు దాటితే మళ్లీ రానివ్వరట, అందుకే లోపలే తిన్నామని వదిన చెప్పింది. గేటు లోపల నిలబడి ఆ మాట చెప్పడానికి కూడా ఎవరికీ కాళ్లు రాలేదు. తాళం వేసుకునేందుకు ఒక పెట్టె కూడా లేని నాకు మా ఆయన తాళంచెవుల గొలుసు తెచ్చారు. ఆ తరువాత పరిగికి రాకపోకలు నేనే తగ్గించాను, పెళ్లికో చావుకో పోయి వెంటనే తిరిగివచ్చేదాన్ని, నా బిడ్డని మేనత్త ఊసు లేకుండానే పెంచాను.

ఇక ఆ ఫోటో సంగతి. పడవ ఒకటి ఎత్తుమీది నుంచి నీళ్లలోకి జారుతుంటే తీసింది. నా బిడ్డ పక్కన ఉన్న ఆడమనిషి నీళ్లు పడకుండా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది, కొన్నేళ్లు గడిచేసరికి నన్ను గేటు దగ్గర వదిలిన సంగతే మరిచిపోయి, చీర చూసి అది నేనేనని మా ఆయన నమ్మేశారు, నేను కేకలు పెట్టానని వచ్చిన చుట్టాలకల్లా చెప్పి నవ్వించేవారు. రెండుసార్లు కాదన్నాను. నీకు యాది లేదు పో అన్నారు. అబద్ధమాడే మనిషితోనైతే కొట్లాడవచ్చు, నిజంగానే నమ్మినవాడితో ఏం కొట్లాడతాం?

ఆ రోజు రంగుల వాసనలో కూర్చుని మా బిడ్డ ఆ ఫోటోని తన కూతురికి చూపిస్తూ, పడవ జారేటప్పుడు ప్రాణం పోయినంత భయమైందని, కిందికి చేరేదాకా అమ్మమ్మ తన చెయ్యి వదలలేదని చెప్పింది. కాన్పు కోసం తనని ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతున్నప్పుడు కూడా ఆ చెయ్యినే తలుచుకుందట. ఊరుకుంటే ఆ చెయ్యి నాదే అయిపోతుంది, ఏ తల్లికి చేదు? ఊరుకుందామనే అనుకున్నాను. అంతలో మా ఆయన పక్కగదిలోంచి, అవును, మస్తు మొత్తుకున్నది అని నవ్వారు.

"అది నా చెయ్యి కాదు బిడ్డా. మీ పరిగి అత్తది. నేను లోపటికే రాలే. పొద్దుమూకేదాకా రొట్టెల సంచులతోని గేటు కాడ కూసున్న."

మా ఆయన వచ్చి ఫోటోని దగ్గరికీ దూరానికీ పట్టి చూసి, అక్కనా, అని మాత్రం అన్నారు. బిడ్డ ఆయన చేతిలోంచి ఫోటో తీసుకుని నా వైపు తిరిగింది.

"గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే అమ్మా?"

నేను టోపీలు తిరిగి సంచీలో పెట్టసాగాను. మనవరాలు ఇంకొకటి అడిగింది, సంచులు అక్కడే పెట్టేసి లోపలికి పోవచ్చు కదా అని. నిజమే, ఈ కాలం పిల్ల అయితే పోయేది. ఇప్పుడు అడుగుకొక ఫోటో తీసుకుంటున్నారు, ఎవరు లోపల ఉన్నారో ఎవరు బయట ఉన్నారో తారుమారయ్యే వీలే లేదు. నాకు ఆ పాతరోజుల మీద ప్రేమేమీ లేదు. కానీ అప్పుడు కడుపులో దాచుకున్న మాట మన దగ్గరే పడి ఉండేది, ఇప్పుడు బయటపెడితే అది ఎవరి ఇంటికి దారి తీస్తుందో తెలియడం లేదు.

మర్నాడు మా బిడ్డ వాళ్ల నాన్నని అడిగి పరిగి నంబరు తీసుకుంది. ఇప్పుడు ఆదివారం ఆదివారం మేనత్తతో అరగంట మాట్లాడుతుంది, ఆ పడవ సంగతి చెప్పుకుని ఇద్దరూ నవ్వుకుంటారు. వచ్చే నెల చూడడానికి పోతుందట, నన్నూ రమ్మంది, రానన్నాను. మూడు సంచులు మొయ్యించినందుకు, పస్తు ఉంచినందుకు వదినని ఎప్పుడో ఒకప్పుడు మాఫీ చేస్తానేమో. నా బిడ్డకి అంత భయమైన వేళ పక్కన ఉండవలసింది నేను, నన్ను గోడ బయట కూర్చోబెట్టి ఆమె ఉంది, అది మాత్రం చచ్చినా మాఫీ చెయ్యను.