అక్కి అన్న మాట

లక్ష్మీకాంత్ అంత జాగ్రత్తపరుడు నల్లపాడు మొత్తం వెతికినా ఇంకొకడు దొరకడు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఘాటుకి భయపడి మూతికి రెండు మాస్కులు, చేతులకి గ్లౌజులు. ఇంటికొచ్చాక స్నానం చేస్తే గానీ కుర్చీలో కూర్చోడు. భార్య విడాకులు తీసుకుని తొమ్మిదేళ్ళయింది. అప్పట్నుంచీ ఒక గది, ఒక కంచం. ఆదివారమంటే అతనికి పడదు. ఎవరితోనూ ఒక్క మాటైనా లేకుండానే సాయంత్రమైపోతుంది.

కిందటేడు మంగళగిరిలో చీరల కొట్లో పనిచేసే మాధవీలత పరిచయమైంది. భర్త పోయి ఆరేళ్ళు. చెల్లెలికని ఒక చీర కొన్న మనిషి, దాన్ని మార్చడానికి నాలుగుసార్లు వెళ్ళాడు. ఆ చీర నచ్చలేదన్న సంగతి పాపం చెల్లెలికే తెలియదు.

దగ్గరైన మొదటి రోజే ఆమె తల వంచుకుని చెప్పింది. "నాకు అప్పుడప్పుడూ అక్కి వస్తుంటుందండి. ఇప్పుడైతే లేదు."

అక్కి అంటే మన వైపు తెలియనిదెవరికి? నడుం మీదో వీపు మీదో బొబ్బలు లేస్తాయి. కుమ్మరి చేత ఎర్రమన్నుతో సింహం బొమ్మ రాయిస్తారు. లక్ష్మీకాంత్ అదే అనుకుని, "మా అమ్మకీ వస్తే రాయించాంలే" అని నవ్వేశాడు. ఎక్కడ వస్తుందని అతను అడగలేదు. సిగ్గుపడి ఆమె చెప్పలేదు. అయినా మన జాగ్రత్తపరుడు కండోమ్ లేకుండా ఒక్కసారీ ఆమె దగ్గరికి వెళ్ళలేదు.

మొన్న మార్చిలో తొడల మధ్య మంట మొదలైంది. మిర్చి ధూళి అనుకున్నాడు. మూడోనాటికి బొబ్బలు, జ్వరం. అంతే, ఫోను తీశాడు.

"నేను ప్రతిసారీ జాగ్రత్తగానే ఉన్నా. నాకీ రోగం ఎక్కణ్ణుంచొచ్చింది? ఇంకెవడితో తిరుగుతున్నావు?"

ఆ మాటన్న నోరు పడిపోను. ఆమె ఫోను పెట్టేసింది.

మర్నాడు టౌనుకెళ్ళి బ్రాడీపేటలో చర్మం డాక్టరుకి చూపించుకున్నాడు. డాక్టరు హెర్పిస్ అన్నాడు.

"కండోమ్ వాడానండీ, ఒట్టు!"

"వాడారు కాబట్టే ముప్పు తగ్గింది. అయితే పూర్తిగా పోదు. అది కప్పని చోట చర్మం తగిలినా అంటుకోవచ్చు, పైకి బొబ్బ కనపడకపోయినా సరే. ఎప్పుడో ఏళ్ళ కిందట వచ్చింది ఒంట్లోనే ఉండిపోతుంది. మందులతో అదుపులో ఉంటుంది లెండి, కంగారుపడకండి. పల్లెల్లో చాలామంది దీన్నీ అక్కి అనే అంటారు."

లక్ష్మీకాంత్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఆమె మొదటి రోజే చెప్పింది. తనకి తెలిసిన ఒకే ఒక్క పేరుతో చెప్పింది. మెట్లు దిగి రోడ్డు మీదే నిలబడి ఫోను చేశాడు. అదృష్టం, ఎత్తింది. డాక్టరు చెప్పిందంతా చెప్పి, తప్పయిపోయింది మాధవీ అన్నాడు. ఏడ్చాడు కూడా.

"మా ఆయన దగ్గర్నుంచే వచ్చుంటుందండి" అంది ఆమె. "ఎక్కడ తెచ్చావని ఆయన్ని నేనెప్పుడూ అడగలేదు. మీరు నన్నడిగారు."

తప్పయిపోయిందని అతను మళ్ళీ అన్నాడు.

"ఆ డాక్టరుగారి ఆసుపత్రి ఎక్కడో చెప్పండి. నేనూ చూపించుకుంటాను."

"నేను తోడొస్తా."

"వద్దండి. దారి చెప్పండి చాలు."

చెప్పాడు. బస్టాండులో ఏ వైపు ఆటో ఎక్కాలో, ఎన్నో లైనులో దిగాలో, పక్కన ఏ మందుల షాపుందో, మెట్లు ఎటువైపున్నాయో, చెప్పిందే మళ్ళీ చెప్పాడు. ఆమె ప్రతిదానికీ ఊఁ కొట్టింది. చెప్పడానికి ఇక దారి మిగల్లేదు.

"ఉంటానండి" అని ఆమె పెట్టేసింది.