ఖాళీలో ఊదిన గట్టిమేళం

నా వాయిద్యం నాకే వినబుద్ధి కాదంటే అది వినయమనుకుంటారు. వినయం కాదు, వినికిడి.

నలభై ఆరేళ్లు నిండాక, మొట్టమొదటిసారి నా కోసం మూడు పాటలు రికార్డు చేసుకుందామని అనంతపురంలో మూడు రోజులకు స్టూడియో మాట్లాడుకున్నాను. అంతవరకు నా శాక్సఫోన్ మోగింది పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, నాయకుల ఊరేగింపుల్లో. కుర్రతనంలో గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక ముసలాయన నాకు జాజ్ రుచి చూపించాడు. ఆనాటి నుంచి పగలు ఊదడం, ఇంటికొచ్చి జాజ్ రికార్డు చేస్తానని ఇంట్లోవాళ్లను ఊరించడం, ఇవే నా రెండు పనులు. ఈ మూడు పాటలూ కుదిరితే నేను వాద్యకారుణ్ణి, కుదరకపోతే పెళ్లిళ్లకు పిలిచే మనిషిని. ఈ తీర్పు ఇంకెవరూ ఇవ్వలేదు, నాకు నేనే రాసిపెట్టుకున్నాను.

స్టూడియో ఎండుమిరపకాయల అంగడి మీద ఉంది. అంగడి ఆయన తమ్ముడు ఆ గదిలో మైకులు పెట్టి భక్తిగీతాలు, ఎన్నికల పాటలు రికార్డు చేస్తుంటాడు. గోడలకు పరుపులు కొట్టి చప్పుడునైతే ఆపాడు గానీ, ఘాటును ఆపలేకపోయాడు. కింద బేరమాడేవాళ్లు తుమ్ముతారు, మెట్లెక్కేవాళ్లు తుమ్ముతారు, అద్దం వెనక కూర్చున్న అతనూ తుమ్ముతాడు.

పెళ్లిమేళం వాళ్లకు తుమ్ము మామూలు విషయం కాదు. తాళి కట్టే సమయంలో ఎవరైనా తుమ్మితే అది ఎవరి చెవినా పడకూడదు. పురోహితుడు వేలు ఆడించగానే అన్ని వాయిద్యాలూ ఒక్కసారిగా గట్టిమేళం అందుకుంటాయి. పాతికేళ్లు ఆ పని చేసేసరికి నా చెవికీ వేళ్లకూ మధ్య బుర్రకు ఉద్యోగం పోయింది.

మొదటి రోజు రెండు వేగం పాటలు బాగానే వచ్చాయి. ఆ సంతోషంలో మధ్యాహ్నం సంగటి ముద్ద ఒకటి ఎక్కువే తిన్నాను. ఆ తర్వాత నిదానంగా సాగే పాట ఎత్తుకున్నాం. దాని నడుమ పది లెక్కలు పెట్టేంత సేపు ఏమీ మోగకూడదు. పాటంతా ఆ ఖాళీ కోసమే కట్టుకున్నాను. సరిగ్గా అక్కడికొచ్చేసరికి కింద ఎవరో తుమ్మారు. నేను గట్టిమేళం ఊదేశాను.

అద్దం వెనక నుంచి అంగడి ఆయన తమ్ముడు అడిగాడు. "ఏమప్పా, తాళి యాడ కట్టినారు?"

ఆ రోజు ఎనిమిదిసార్లు కట్టించాను.

రెండో రోజు అంగడి ఆయన పాపం మూటలన్నిటి మీదా తడి గోనెలు కప్పించాడు. ఎవరూ తుమ్మలేదు. అయినా ఖాళీలో నేను ఊదాను. తుమ్ము వస్తుందేమోనని ముందే ఊదాను.

"ఈసారి ఎవరూ తుమ్మల్యా అన్నా," అన్నాడు తమ్ముడు. "నువ్వే పెండ్లి పెట్టుకున్నట్టుండాది."

రికార్డైంది వినిపించమన్నాను. ఎవరో పెళ్లి భోజనం తిని నా చెవిలో త్రేన్చినట్టుంది. అనుమానమొచ్చి ముందురోజు బాగా వచ్చాయనుకున్న రెండు పాటలూ విన్నాను. వాటిలోనూ అదే. ఎక్కడ కాస్త సందు దొరికితే అక్కడ గమకాలు కుక్కాను, జారుళ్లు కుక్కాను. నోరు మూసుకోవడమంటే తెలియని మనిషి పక్క సీట్లో కూర్చుని కదిరి దాకా మాట్లాడినట్టుంది. ఆ మనిషిని నేనే.

"దానికేమన్నా, ఆ ముక్క కోసేసి ఖాళీ పెడతా. ఎవనికి తెలుస్తాది?" అని తమ్ముడు రెండు నిమిషాల్లో అతికించాడు. అతుకు ఎక్కడా తెలియలేదు. ఇరవై ఏళ్లుగా నాతో డోలు వాయిస్తూ, ఈ మూడు రోజులూ ముదిగుబ్బ నుంచి బస్సులో వచ్చిపోతున్న నా జతగాడు తలూపాడు. "బాగుండాది. ఇదే పెట్టుకో."

నిజంగానే బాగుంది. అందుకే మరింత రోత పుట్టింది. ఆ ఖాళీలో గది చప్పుడు లేదు, ఊపిరి లేదు, నేనూ లేను. ఆపుకోలేనివాడు ఆపుకున్నట్టు అబద్ధం ఒక్కటే ఉంది.

మూడో రోజు పొద్దున జతగాడు డోలు పక్కన పెట్టి నా ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. "నీ అంతట నువ్వు ఊరికే ఉండలేవు. ఎవరన్నా చెప్తే ఉంటావు. అయ్యవారు వేలు ఆడిస్తే ఊదుతావు కదా, నేను చెయ్యెత్తితే గమ్మునుండు. దించినాకే ఊదు."

గాలి పొడిగా ఉండి శాక్సఫోన్ నోట్లో రీడు, అంటే ఊదితే అదిరే రెల్లు రేకు, చీలింది. ఇంకొకటి బిగించి మొదలుపెట్టాను. ఖాళీ రాగానే అతను అరచెయ్యి ఎత్తాడు. పది లెక్కలని అతనికి చెప్పడం మరిచిపోయాను. అతను చేతిని దించలేదు. మూటల మీది గోనెలు ఆరిపోయాయేమో, కింద ఒకరు తుమ్మారు, వెంటనే ఇంకొకరు. నా వేళ్లు మీటల మీద టకటకమని ఎగిరాయి. ఛాతీ నిండా గాలి, దాన్ని బిగబట్టుకుని ఆ అరచేతి గీతలనే చూస్తూ నిలబడ్డాను. చివరికి చెయ్యి దిగింది. అప్పుడు వచ్చిన స్వరం శ్రుతికి కింద పడింది. అక్కడి నుంచి పాట కుంటుకుంటూ ముగిసింది.

"ఇది బాగల్యా అన్నా," అన్నాడు తమ్ముడు. "ఖాళీ పొడుగైపోయ. మీటల చప్పుడు పడినాది. శ్రుతి దిగింది. నిన్నటిదే పెట్టుకో. నీ పేరు చెడుతాది."

"చెడేంత పేరు యాడుండాదప్పా?" అన్నాను.

జతగాణ్ణి అడిగాను. "నాకేం తెలుసు, నా చెయ్యి నొప్పి పెడతాండాది," అని భుజం రుద్దుకున్నాడు.

రెండూ మళ్లీ విన్నాను. మూడోనాటిది వింటుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నిన్నటిది వింటుంటే రోత పుట్టింది. సిగ్గయితే భరించగలననిపించింది. నిన్నటిది నా ముందే చెరిపెయ్యమన్నాను. వారం తిరక్కుండానే మనసు మార్చుకునే రకాన్ని నేను. తమ్ముడు నా ముఖంకేసి ఒకసారి చూసి చెరిపేశాడు.

చాలా రోజుల తర్వాత ఇంట్లో ఆ పాట పెట్టుకున్నాను. కింద పడిన స్వరం దగ్గర మళ్లీ అసహ్యమే వేసింది. లేచి కట్టెయ్యబోయి, కట్టెయ్యకుండా చివరిదాకా విన్నాను.