పదహారు ప్రపోజళ్లు, ఒక రొయ్యల చెరువు

నాగదుర్గ తణుకులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా బోటనీ చెబుతోంది. ఏ కాగితం చేతికొచ్చినా చివరిదాకా చదవకుండా సంతకం పెట్టదు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఆమెకు కాగితాలివ్వడానికి జంకుతారు. జ్ఞానప్రకాశం గారికి తెలియదు. రాజమండ్రిలో జరగబోయే అధ్యాపకుల సదస్సుకు ఆయన కన్వీనరు. పాఠం ఎలా చెబితే పిల్లలకు ఎక్కుతుందో అధ్యాపకులు ఒకరికొకరు చెప్పుకునే సదస్సది. అందులో మాట్లాడతామంటూ వచ్చిన ప్రపోజళ్లలో పదహారింటిని ఆమెకు పంపారు. రాసినవాళ్ల పేర్లు తీసేశారు. ఒక్కోదాన్ని ఇద్దరు రివ్యూయర్లు విడివిడిగా చదివి, అయిదుకి మార్కు వేసి, రాసినవాళ్లకు పనికొచ్చేలా అభిప్రాయం రాయాలి.

ఆదివారం టిఫిన్లయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చుంది. మొదటిది విద్యార్థి కేంద్రిత బోధన. రెండోదీ అదే. నాలుగోదాంట్లో మూడు పేరాలు అక్షరం పొల్లుపోకుండా రెండోదాంట్లోవే. ఏడోది రాసినవాళ్లు చాట్‌బాట్ చెప్పిన ఆఖరి మాట కూడా తీయలేదు: "ఇంకా క్లుప్తంగా కావాలంటే చెప్పండి."

"ఏంటండీ ఇది! పంపేముందు ఒక్కసారి చదువుకోరా?" అని భర్త మీద విసుక్కుంది.

"నేనేం చేశానే?" అంటూ ఆయన పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

పదకొండోది ఒకటే పేజీ. హెడ్డింగుల్లేవు, లక్ష్యాల పట్టిక లేదు.

"మా కాలేజీ పిల్లల్లో సగంమంది చేపల వేటకెళ్లే ఇళ్లవాళ్లు, మిగతావాళ్లవి రొయ్యల చెరువులు. కెమిస్ట్రీ ల్యాబ్‌కి వచ్చేవారు కాదు. ఇంటి దగ్గర నీళ్లు సీసాలో పట్టి తెమ్మన్నాను. తెచ్చారు. వాటితోనే ప్రయోగాలు చేయించాను. ఒకమ్మాయి వేసిన లెక్క చూసి వాళ్ల నాన్న చెరువులో వేసే సున్నం తగ్గించాడు. అప్పట్నుంచీ ల్యాబ్ ఎవరూ మానడం లేదు."

నాగదుర్గ రెండుసార్లు చదివింది. అయిదు వేసింది. కింద పేజీన్నర రాసింది. చెరువు లేనివాళ్లు ఏ నీళ్లు తెచ్చారు? పిల్లల లెక్క తప్పితే రొయ్యలు చచ్చిపోవూ, మరి ఎలా సరిచూశారు? ఇవి కూడా చేరిస్తే చాలా మంచి సెషన్ అవుతుంది.

పది రోజులకి ఎంపికైనవాటి లిస్టు వచ్చింది. పదకొండోది లేదు. ఏడోది ఉంది. వెంటనే ఫోన్ చేసింది.

"పదకొండోదానికి రెండో రివ్యూయరు ఒకటే వేశారండి. యావరేజి మూడు. మూడున్నర ఉంటేనే తీసుకుంటున్నాం," అన్నారు జ్ఞానప్రకాశం గారు.

"ఏడోదానికి నేను రెండే వేశానండీ!"

"ఆయన అయిదు వేశారండి. సరిగ్గా మూడున్నర."

"మార్కుల్లో రెండుకి మించి తేడా వస్తే మూడో మనిషికి పంపాలని మీ గైడ్‌లైన్స్‌లోనే ఉంది. ఆరో పేజీ."

"అవన్నీ ఎవరు చదువుతారు మేడమ్?"

"నేను చదివానండి. ఇంతకీ ఒకటి ఎందుకేశారట?"

"ఫార్మాట్ పాటించలేదని రాశారండి. అంతే. ఇప్పుడు టైము లేదు, పోనీ పోస్టరుగా పెట్టిద్దాం."

సదస్సు రోజున ఆ పోస్టరు భోజనాల దగ్గర చేతులు కడుక్కునే చోట గోడకి వేలాడుతోంది. పక్కన ముప్పై ఏళ్ల అమ్మాయి, బల్ల మీద నాలుగు నీళ్ల సీసాలు. పేరు బేబీ. నరసాపురం అవతల ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. జనం చేతులు దులుపుకుంటూ సాగిపోతున్నారు.

"సెషన్ అడిగానండి, ఇవ్వలేదు," అంది బేబీ. "ఫార్మాట్ పాటించలేదని ఒక్క ముక్క రాసి పంపారు. అసలు చదివారో లేదోనండి."

తను రాసిన పేజీన్నర ఈ పిల్లకి చేరనే లేదు. రివ్యూయర్ని నేనేనని చెప్పకూడదన్న రూలూ ఆ ఆరో పేజీలోనే ఉంది. నాగదుర్గకి ఒళ్లు మండిపోయింది. రివ్యూలో రాసిన ప్రశ్నలే నోటితో అడిగింది.

"చెరువు లేనివాళ్లు కాలవ నీళ్లు తెస్తారండి. ఒక్కో సీసా ముగ్గురు చూస్తారు. ముగ్గురికీ ఒకే లెక్కొస్తేనే ఇంట్లో చెప్పాలి. అది నేను పెట్టిన షరతండి."

"ఈ మాట పోస్టర్లో రాయలేదేం?"

"ఎవరూ అడగలేదండి ఇప్పటిదాకా."

నాగదుర్గ తిన్నగా జ్ఞానప్రకాశం గారి దగ్గరికెళ్లింది. "రెండో హాలు భోజనాల టైములో ఖాళీయే కదండీ. తాళం ఇవ్వండి."

"షెడ్యూల్లో లేదు కదా మేడమ్! ఎవరైనా అడిగితే?"

"నా పేరు చెప్పండి."

ఆయన నిట్టూర్చి ఇచ్చారు. ఆమె భోజనాల లైను పొడుగునా నడుస్తూ తెలిసినవాళ్లనీ తెలియనివాళ్లనీ పిలిచింది. పద్దెనిమిది మంది వచ్చారు, కొందరు ప్లేట్లతోనే. మొదట బేబీ పోస్టర్లో ఉన్నదే చదివింది. సీసా మూత తీశాక సొంతంగా చెప్పసాగింది. నాలుగు చుక్కల రసాయనం వేశాక నీటి రంగు మారేసరికి తినేవాళ్లు తినడం ఆపారు. రావులపాలెం నుంచి వచ్చిన లెక్చరరొకాయన అరటితోటల బోరు నీళ్లతో చేయొచ్చా అని అడిగాడు. మూడో హాలు సెషన్ మొదలయ్యే బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

సాయంత్రం తాళం తిరిగిచ్చేటప్పుడు నాగదుర్గ ఇంకో మాట అడిగింది. "పదకొండోదానికి నేను రాసిన రివ్యూ కూడా ఉంది కదండీ. అది పంపించండి."

"రేపు చూస్తానండి."

"ఇప్పుడే," అంది. పేరు లేకుండా ఆ పేజీన్నర ఆయన ఫోన్లోంచి బేబీకి వెళ్లేదాకా అక్కడే నిలబడింది.