ఓబులు బండి రాలేదు

ఆళ్లగడ్డ మౌనేశ్ అంత మంచి మొద్దును నేను యాడా చూడలేదు. మొద్దు అని తిట్టేటప్పుడు కూడా ముందర మంచి అని తగిలించాల్సి వస్తాది, అదీ నా ఖర్మ. చెడ్డోడైతే నాలుగు తిట్టి మర్చిపోయేదాన్ని గదా.

నా పేరు జయలక్ష్మమ్మ. నంద్యాల బస్టాండు ఎనక సందులో రవికలు కుడతా. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే పిల్లోనికీ నాకూ యాడ కుదిరింది అంటే, ఫోన్లో. రాతాటలో. ఆ ఆట ఏందంటే, ఒక గ్రూపుంటాది. ఒకడు ఆట నడిపిస్తాడు. "మీరు అడివిలో పోతాండారు, పొద్దు గూకుతాండాది, ఎదురుగా ఎవరో వస్తాండారు, ఏం చేస్తారు?" అని రాస్తాడు. మిగిలినోళ్లు తలా ఒక వేషం కట్టి, నేనిట్ల చేస్తా, నేనిట్ల అంటా అని రాస్తారు. బొమ్మలుండవు, పాటలుండవు. అంతా రాతే. నాకు టైపు కొట్టేది రాదు. మిషన్ తొక్కుకుంటా నోటితో చెప్తే ఫోనే రాసుకుంటాది.

నన్ను దాంట్లోకి దింపింది సుప్రజ. వెలుగోడు పిల్ల, భూములుండే ఇల్లు. నంద్యాలలో వాళ్ల చిన్నాయన ఇంట్లో ఉండి ఒక ప్రైవేటు బడిలో టీచరు పని చేస్తాండె. రవికలు నా కాడనే కుట్టించుకునేది. నోట్లో నాలుక లేని పిల్ల. "బిగుతుగా ఉందా, వదులు చెయ్యల్నా?" అని అడిగినా "మీ ఇష్టం అక్కా" అనేది. అట్లాంటిది ఫోన్లో రాస్తే మాత్రం, అబ్బో, ఎదురుగా నిలబడి మాట్లాడినట్లే ఉండేది.

మొదట్లో ఆట నడిపింది ఆత్మకూరు సురేష్, బస్సు కండక్టరు. వాడు నెట్లో యాన్నో ఇంగ్లీషు రూల్సు పుస్తకం పట్టుకొచ్చినాడు. మంచు కోటలు, రెక్కల పాములు, మంత్రాల కర్రలు. కత్తి దూస్తే ఒక లెక్క, పరిగెత్తితే ఇంకో లెక్క, తుమ్మితే కూడా ఒక లెక్క ఉండెనేమో! ఒక దొంగ నాయాల్ని కొట్టాలంటే వాడు పట్టికలు తిప్పేలోపల నా కాడ ఒక రవిక అయిపోతాండె. పైగా మంచు. నంద్యాల ఎండలకు మాడి చచ్చేటోళ్లకు మంచు సంగతి ఏం తెలుసు? మోకాలి లోతు మంచులో నడుస్తాండాం, ఏం చేస్తారు అని వాడు రాస్తే, "చెప్పులు ఇప్పేసి నడుస్తా, సల్లగా ఉంటాది" అని రాసినా. గ్రూపంతా ఒకటే నవ్వు. సురేష్ అలిగి రెండు దినాలు పలకలేదు.

అప్పుడు మౌనేశ్ అందుకున్యాడు. "మనకు తెలిసిన తావు పెట్టుకుందామక్కా. పాతకాలం రేనాడు. మన నల్లమల, కనుమ దోవలు, ఎద్దులబండ్లు, చిన్నచిన్న పాలెగాళ్లు. ఎలుగుబంటి ఎదురొస్తే ఎట్ల ఉంటాదో మనకెవరూ చెప్పే పని లేదు" అన్యాడు. ఆ పొద్దు నుంచి ఆట వాని చేతికొచ్చింది. వాన పడితే నల్లరేగడిలో బండి చక్రం ఎట్ల దిగబడతాదో వాడు రాస్తే, నా కాళ్లకు బురద అంటినట్లే ఉండె. నేను కనుమలో దోపిడీ చేసే ముసిల్దాన్ని. సుప్రజ, పాలెగాని కూతురు కొండమ్మ. ఆట నడిపేటోడు తాను ఆడకూడదని మౌనేశ్ అంటే, ఆ పిల్లే అడిగి అడిగి వానికొక వేషం కట్టించింది. ఓబులు అని, బండి తోలేటోడు.

తావు కుదిరింది. రూల్సు కుదరాల గదా. దానికని మేం నలుగురమూ ఒక ఆదివారం మహానందిలో కలిసినాం. నేను, సుప్రజ తప్ప మిగిలినోళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకునేది అదే మొదలు. దర్శనం చేసుకొని బయట హోటల్లో కూర్చుంటే, మౌనేశ్ జేబులోంచి అయిదు గవ్వలు తీసి బల్ల మీద పోసినాడు. వాళ్ల అవ్వ బారకట్ట ఆడిన గవ్వలంట.

"ఏ పని తలపెట్టినా ఎవరింట్లో వాళ్లు గవ్వలు వెయ్యాల. వెల్లకిల పడినవి ఎక్కువైతే పని అయినట్ల. బోర్ల పడినవి ఎక్కువైతే కానట్ల. ఏం పడిందో గ్రూపులో రాయాల" అన్యాడు.

"ఇంట్లో వేసేది ఎవరు చూస్తారప్పా? నేనైతే అబద్ధం చెప్తా" అన్యా.

"చెప్పవులే అక్కా" అని నవ్వినాడు.

సుప్రజ దోసె తుంచుకుంటా మెల్లగా అనింది. "గవ్వలెందుకు? మనుషులు అడుగుతారు, మనుషులు ఒప్పుకుంటారు. చాలదా?"

"అట్లయితే మనకు కావాల్సినోళ్లు అడిగితే ఊ అంటాం, కానోళ్లు అడిగితే ఊఁహూ అంటాం. గవ్వకు నా, నీ లేదండీ" అన్యాడు మౌనేశ్. వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎంతసేపు చెప్పినా వినలేదు. ఆఖరుకు ఆ పిల్ల ఒక్కటి అడిగింది. "సరే, గవ్వలే పెట్టండి. కానీ అడిగింది ఇయ్యాలని ఆట నడిపేటోనికి మనసైతే, గవ్వలు వెయ్యకుండానే ఊ అనొచ్చు. ఈ ఒక్క రూలు నాకోసం పెట్టండి." వాడు సరేనన్యాడు. ఇంకొక రూలు వాడే పెట్టినాడు. ఆటలో పరిచయమైన ఆడపిల్లా మొగపిల్లోడూ విడిగా మెసేజ్ పెట్టుకోకూడదు, ఫోన్ చేసుకోకూడదు. మర్యాదగల రూలు, మేమంతా మెచ్చుకున్యాం. వానికి తల్లీ తండ్రీ నేర్పిన బుద్ధులు అట్లాంటివి.

ఆ బుద్ధి ఎట్లాంటిదో నేను కళ్లారా చూసినా. మా సందులో ఆంజనేయసామి గుడికి విగ్రహం వాని కాడనే చేయించినాం. అంతా అయిపోయింది, కండ్లు తెరిచేదొక్కటే తక్కువ. పీఠం అడుగున వెంట్రుకంత నెర్రె కనపడిందంట వానికి. ఇది పూజకు పనికిరాదు, ఇంకోటి చెక్కి ఇస్తా, ఆగండి అన్యాడు. నేనే పోయి చూసినా. "అడుగున గదప్పా, సిమెంటులో మునిగిపోతాది, ఎవరికి కనపడతాది?" అన్యా.

"నాకు కనపడింది గదక్కా" అన్యాడు. అంత పనీ ఎనక్కి పెట్టేసి, కొత్త రాయి తెచ్చి, మొదటి నుంచి మొదలుపెట్టినాడు. మా సందోళ్లంతా చేతులెత్తి మొక్కినారు వానికి. నేనూ మొక్కినా.

ఆట నడిచింది. కొండమ్మ, ఓబులు బండెక్కి సంతకు పోయేది, వాన వస్తే గోనెసంచి కప్పుకునేది, వాళ్లు కొట్లాడుకునేది, మళ్ల మాట్లాడుకునేది. మాకు చదివేదానికి సిగ్గయ్యేది గాని వాళ్లకు లేదు. బయట మాత్రం ఒకరితో ఒకరు ఒక్క మాట లేదు. రూలు గదా! ఆ పిల్ల నా అంగడికి వచ్చినప్పుడు "ఆళ్లగడ్డలో వాన పడిందంటనా అక్కా?" అని అడిగేది. ఆళ్లగడ్డ వానతో దీనికేం పని? నాకు తెలీదా ఏంది?

ఒక పొద్దున ఎర్రపట్టు గుడ్డ తెచ్చింది. "తాంబూలాలకక్కా. రేపే. ఆత్మకూరు పక్క సంబంధం" అనింది. కొలత తీసుకుంటా, "నీకిష్టమేనా తల్లీ?" అంటే నేల చూసింది.

ఆ సాయంత్రం ఆటలో రాసింది. నేను ఆ ఎర్రపట్టే కుడతా చదివినా.

"ఓబులూ, మా నాయన నన్ను కనుమ అవతలోళ్లకు ఇస్తాండాడు. రేపు తాంబూలాలు. కోడి కూయకముందే బండి కట్టుకొని మా వాకిలి కాడికి రా. నువ్వొస్తావంటే మా నాయనతో నేనే మాట్లాడతా. ఎవరేమన్నా నిలబడతా. వస్తావా?"

నా కాలు మిషన్ మీద ఆగిపోయింది. ఓరి దేవుడా, ఇది ఆట కాదు! మౌనేశ్‌కు ఫోన్ చేద్దామని నంబరు తీసేలోపలే వాని జవాబు వచ్చేసింది.

"గవ్వలేసినా. బోర్ల మూడు, వెల్లకిల రెండు. వాగు కాడ ఇరుసు ఇరిగింది. ఓబులు బండి రాలేదు."

సుప్రజ "సరే" అని రాసింది. గ్రూపులోంచి ఎళ్లిపోయింది.

నేను ఆ పిల్లకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వానికి చేస్తే ఎత్తినాడు. "ఆటలో ఓడిపోతే అలుగుతారా అక్కా? మళ్ల వస్తాదిలే" అన్యాడు. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. రవిక ఆ పిల్లోళ్లింటికి పంపించి, తెల్లారి ఆళ్లగడ్డ బస్సెక్కినా. బస్సులో కూర్చున్యంతసేపూ నాలో నేను వాన్ని తిట్టుకుంటానే ఉండా.

షెడ్డులో ఒళ్లంతా రాతిదుమ్ముతో, ఏదో అమ్మవారి చెయ్యి చెక్కుతాండాడు. తాంబూలాల సంగతి చెప్పినా, ఈపాటికి పుచ్చుకునింటారని కూడా. ఉలి పక్కన పెట్టి కిందనే కూర్చున్యాడు.

"నిజంగానా అక్కా?"

"నిజంగానే రా మొద్దూ! ఆ పిల్ల నిన్నే అడిగింది. నీకు ఆమె అంటే ఇష్టమా కాదా, అది చెప్పు ముందు."

"ప్రాణం అక్కా" అన్యాడు. తల ఎత్తలేదు. "నాతో నేరుగా ఒక మాట అనొచ్చు గదా?"

"యాడంటాది? విడిగా మాట్లాడకూడదని రూలు పెట్టిందెవరు? ఆ పిల్ల నీ రూలు తప్పలేదు. నువ్వు చూపించిన ఒక్క దోవలోనే వచ్చి అడిగింది. మూడు బోర్ల పడితే ఏం? వెల్లకిల పడినాయని రాస్తే ఎవరు చూసొచ్చినారు?"

"పడింది మూడు గదక్కా. నాకు కనపడింది గదా" అన్యాడు.

ఆ మాట వినేసరికి వాని చెంప పగలగొట్టాలనిపించింది. మళ్ల వాని మొకం చూసి నాకే ఏడుపొచ్చింది. నెర్రె దాయని చెయ్యి, గవ్వ ఎట్ల దాస్తాది?

పెండ్లి రవికలకు సుప్రజ వచ్చే దినం మౌనేశ్‌కు నేనే చెప్పినా. నా అంగడికి నేరుగా పని మీద నుంచే వచ్చినట్లుండాడు, జుట్టులో దుమ్ము అట్లనే ఉండె. గడప కాడ నిలబడినాడు. లోపల సుప్రజ, నేను. వాని మొకం చూసి ఆ పిల్ల ఒక అడుగు ఎనక్కి వేసింది.

"నాకు తెలీలేదండీ. ఆట అనుకున్యా. ఇప్పుడు వస్తా. మీ నాయన కాడికి ఇప్పుడే వస్తా. కులం తక్కువోడని కొట్టినా సరే, నిలబడతా" అన్యాడు.

"గవ్వలేసి వచ్చినారా?" అనింది.

వాడు అల్లాడిపోయినాడు. "లేదు. ఒట్టు. ఏమీ వెయ్యలేదు."

ఆ పిల్ల గొంతు కూడా పెంచకుండా అనింది.

"ఆ పొద్దు అడిగింది నిన్ను. గవ్వల్ని కాదు. మహానందిలో ఆ రూలు ఎందుకు పెట్టించుకున్యా? ఎప్పుడో ఒకనాడు గవ్వలు పక్కన పెట్టి నీ అంతట నువ్వు ఊ అంటావని. మా నాయన ముందర నిలబడేంత ధైర్యం నాకు ఆ ఒక్క పూటే వచ్చింది. ఇప్పుడు లేదు. తాంబూలాలు పుచ్చుకున్యారు, ఊరంతా చెప్పుకున్యారు. ఇప్పుడు నువ్వొచ్చినా నేను రాలేను."

ఆటలో తప్ప ఆ పిల్ల వాన్ని నువ్వు అనడం నేను అదే మొదలు వినేది. వాడు గడప కాడ చెప్పులేసుకొని పోయినాడు. నాకు ఏం చెయ్యాలో తోచక, రవిక ఆ పిల్ల చేతికిచ్చి, "ఒకసారి తొడిగి చూడు తల్లీ, బిగుతైతే వదులు చేస్తా" అన్యా. తొడిగి చూడనేలేదు.

"మీ ఇష్టం అక్కా" అనింది.

పెండ్లయింది. ఆత్మకూరు పక్కకు పోయింది. మొగుడు మంచోడేనంట, అదొక్కటి నయం. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అని మౌనేశ్‌ను నేను మళ్ల ఒక్క మాట అనలేదు. సంబంధాలు చూస్తాండారు, వాడు ఒప్పుకునేది లేదు.

ఆట ఇంకా నడుపుతాండాడు. నడిపేది కాదు అది. గవ్వలు లేవు, లెక్కలు లేవు. ఎవరేం అడిగినా ఊ అంటాడు. సురేష్ పంతానికి రేనాట్లో మంచు కురవాల అని రాసినాడు. "ఊ, కురుస్తాండాది" అన్యాడు. రెక్కల పాము కావాల అంటే దానికీ ఊ. వాడెవడో కొత్తగా చేరినోడు పాలెగాని కోట నాదే అంటే, నీదే తీసుకో అన్యాడు. అడిగిందల్లా దొరికే ఆట ఏం ఆట? సురేష్‌కే ఇసుగొచ్చి, "అన్నా, ఒక్కసారన్నా కాదను అన్నా" అని రాసినాడు.

మొన్న రవికలకు హుక్కులు కుడతా కుడతా నాకే బుద్ధి పుట్టింది. ఎందుకు పుట్టిందో తెలీదు. ఫోన్ తీసి ముసిల్దాని మాటగా చెప్పినా. "ఓబులు బండి నాకియ్యి. కొండమ్మ వాకిలి కాడికి నేను తోలుకొని పోతా. పోనిస్తావా?"

శానాసేపు వాడు రాస్తాండాడు, తుడుస్తాండాడు, మళ్ల రాస్తాండాడు. ఫోన్లో పైన 'టైపింగ్' అని కనపడతానే ఉంటాది గదా. నేను సూది పట్టుకొని చూస్తా కూర్చున్యా. ఆఖరుకు వచ్చింది.

"ఊ. పో అక్కా. ఇరుసు బాగానే ఉండాది. వాగులో నీళ్లు కూడా లేవు. బండి వాకిలి కాడికి పోయింది. ఇంట్లో ఎవరూ లేరు."