కూర్మమ్మ పినాంగు చూసిన వైనం

నాగుల చవితి ఇంకా మూడు రోజులుందనగా, తోటకూలీ అప్పడు తన పెళ్ళాం కూర్మమ్మ ఏటేటా పాలు పోసే పుట్టను గునపంతో పొడిచి, అడుగంటా తవ్వి, నేల చదును చేసి, మందు జల్లి, దొర చేత శభాష్ అనిపించుకుని ఇంటికి వచ్చాడు.

అందులో అతని తప్పేమీ లేదు. మలాయి దేశంలో బట్టర్‌వర్త్ దాపున ఉన్న ఆ రబ్బరు తోటలో చెదలు చెట్ల వేళ్ళు తినేస్తున్నాయని, పుట్ట కనబడిన చోటల్లా తవ్వెయ్యడానికి ఒక గుంపును పెట్టారు. ఆ గుంపులో అప్పడు పనిమంతుడు. ఆరేళ్ళుగా వాగు పక్కనున్న ఆ ఒక్క పుట్ట దగ్గరకు వచ్చేసరికి మాత్రం అతనికి చూపు ఆనేది కాదు. ఈసారి కొత్త దొర స్వయంగా నడిచొచ్చి చేతికర్రతో చూపించాడు. దొర కర్ర చివర ఉన్నదాన్ని కనబడలేదనడం ఎవరి తరం?

"ఇది ఏడో ఏడు మావా," అంది కూర్మమ్మ. ఏడవలేదు, తిట్టలేదు. అప్పడికి భయం వేసింది అందుకే.

ఏడేళ్ళ కిందట రబ్బరు గీతకు వెళ్ళిన అప్పణ్ణి పాము కరిచింది. కాలు గుమ్మడికాయంత అయింది. మొగుడు బతికితే ఏడు చవితులు వరసగా పాలు పోస్తానని కూర్మమ్మ నాగేంద్రుడికి మొక్కుకుంది. అప్పడు బతికాడు. ఆరు చవితులు అయ్యాయి. ఏడోది తప్పితే నాగేంద్రుడు ఏమనుకుంటాడో, ఏం చేస్తాడో ఆలోచించడానికే ఆమెకు ధైర్యం చాలలేదు. తోటంతా గాలించింది. ఒక్క పుట్టయినా మిగల్లేదు. గుంపు అంత బాగా పనిచేసింది.

ఉపాయం చెప్పింది ఆల్బర్ట్. అదే తోటలో పుట్టి, పినాంగు దీవిలో జార్జ్ టౌన్ ఆస్పత్రిలో కట్లు కట్టే ఉద్యోగం సంపాదించినవాడు. ఆదివారం తల్లిదండ్రుల్ని చూడవచ్చి కబురు విన్నాడు.

"పుట్ట లేపోతే ఏటి పిన్నీ! పినాంగులో పాముల గుడే ఉంది! కొమ్మల మీద, దీపాల మీద పాములే. ఓడలు దిగి దొరసానులొచ్చి చూసి పోతారు. నాను తీసుకెళ్తాను."

చవితినాడు తెల్లవారగానే కూర్మమ్మ తలంటుకుని, మంచినీళ్ళయినా ముట్టకుండా, ఇత్తడి బిందెలో పాలు పోసి, అరిటాకు మూత కట్టి బయలుదేరింది. వెనక చలిమిడి మూటతో అప్పడు. ఫెర్రీ పడవ దిగేసరికి తెల్ల ఇజారు, టోపీలతో ఆల్బర్ట్ సిద్ధంగా ఉన్నాడు. ఊరు చూపించడమంటే అతనికి అన్నం కన్నా ఎక్కువ. దారిలో ఉన్నవీ లేనివీ అన్నీ చూపించాలని నిశ్చయించుకునే వచ్చాడు.

రేవు దగ్గర గడియార స్తంభం చూపించి, "ఎలాగుంది పిన్నీ?" అన్నాడు.

"ఎన్ని గంటలైందంతాది?"

"ఎనిమిది."

"అయితే బేగి నడు. పాలు ఇరిగిపోతాయి."

ట్రాము ఎక్కించి అయెర్ ఇతాం గుళ్ళో తాబేళ్ళ కోనేటికి తీసుకెళ్ళాడు. అక్కడ కూర్మమ్మ నిజంగానే ఆగింది. శ్రీకూర్మం స్వామి పేరు పెట్టుకున్న మనిషి. లెంపలు వేసుకుని, "స్వామీ, తమరూ ఓడెక్కి వచ్చినారేటి?" అని అడిగింది. ఒక తాబేలు బిందె వైపు మెడ చాచింది. "తమకి కాదు," అని ఆమె బిందె చంక మార్చుకుంది.

తరవాత కొండమీదికి పోయే రైలు. చీమల బారులా జనం నిలబడి ఉన్నారు.

"కొండెక్కి ఏటి సేస్తారు బాబూ?"

"కిందకి చూస్తారు పిన్నీ."

"మనం కిందనే ఉన్నాం కదేటి?"

ఇలాంటి ప్రశ్న ఇంతవరకూ ఎవరూ ఆల్బర్ట్‌ను అడగలేదు. అతను కొండ సంగతి వదిలేసి పాముల గుడి బస్సు ఎక్కించాడు.

గుళ్ళో కళ్ళు మండేంత పొగ. పచ్చటి పాములు పూలకుండీల మీదా దీపపు సెమ్మెల మీదా చుట్టలు చుట్టుకుని పడుకున్నాయి. అప్పడు గడపలోనే ఆగిపోయి, ద్వారబంధం ఎంత గట్టిదో చేత్తో తడిమి చూస్తూ ఉండిపోయాడు. ఆల్బర్ట్ గొంతు తగ్గించి, ఈ అగరొత్తుల పొగే వాటిని నిద్రపుచ్చుతుందని చెప్పాడు.

కూర్మమ్మ వినలేదు. ఆమె పుట్ట కోసం వెతుకుతోంది. పాములున్న చోట పుట్ట ఉండకపోదు కదా! కనబడింది. నడిమధ్య కంచు గంగాళంలో నిండా బూడిద, గుట్టగా పేరుకుని ఉంది. కాలిపోయిన అగరొత్తుల పుల్లలు చేసిన కన్నాలు దానినిండా. అంచున ఒక పాము. ఇంతకన్నా చక్కటి పుట్ట ఆమె శ్రీకాకుళంలో కూడా చూడలేదు.

అరిటాకు విప్పి, కన్నం కన్నానికీ, ఒక్కటీ వదలకుండా, బిందెడు పాలూ పోసింది. సుయ్యిమని ఆవిరి లేచింది. గంగాళంలో వెలుగుతున్న అగరొత్తులన్నీ చల్లారాయి. చలిమిడి ముద్ద పెట్టింది. తడిసిన బూడిద వేలితో తీసి రెండు చెవులకూ రాసుకుంది. "మావా, ఇలాగ రా!" అని పిలిచింది. మావ రాలేదు. ఆవిడే వెళ్ళి, అతని చేతుల్లోంచి ద్వారబంధం విడిపించి, చెవులకు రాసింది. ఏడేళ్ళ బరువు దిగిపోయి, ఆమె ముఖం ఆ క్షణాన పెళ్ళికూతురి ముఖంలా ఉంది.

ఈలోగా పొగ పలచబడింది. గంగాళం అంచు మీది పాము తల కొంచెం ఎత్తి, నాలిక ఆడించింది.

ముందుగా పరుగెత్తింది కెమేరా పట్టుకున్న దొరసాని. వెనకాల ఆమె దొర, ఆ వెనకాల నలుగురు చీనా ముసలమ్మలు. ఆల్బర్ట్ పరుగెత్తలేదు గాని, టోపీ గుడిలో వదిలి తాను గుడి బయట ఉన్నాడు. పాము మళ్ళీ తల వాల్చేసింది. అది ఎవరూ చూడలేదు.

గుడి కాపరి ముసలాయన విసనకర్ర ఊపుకుంటూ వచ్చి, మలాయి మాటల్లో గడగడా అరిచాడు. ఆల్బర్ట్ సిగ్గుతో కుంచించుకుపోయి, దూరం నుంచే తెలుగు చేశాడు.

"పిన్నీ, పొగంతా ఆర్పేసినావంట! ఇంక పాములన్నీ నిద్ర లేచిపోతాయని ఆయన గోల పెడతన్నాడు."

కూర్మమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుని, కాపరి వైపు ఎంతో దయగా చూసింది.

"లెగనియ్యి బాబూ, పండగపూట ఇంత పొద్దెక్కినా తొంగుంటారేటి?"